ఇంటికాడ కూసొని సీఏ ఆఫీసు పని: 20వ తారీఖుకు ముందే సర్దుకోవాల్సినవి

నమస్తే అందరికి. 20 అంటే నెలనెలా పన్ను లెక్క చెప్పే జీఎస్టీ రిటర్ను, అదే 3బీ, వేసేందుకు ఆఖరు రోజు. హైదరాబాద్‌ల సీఏ ఆఫీసు, పని చేసే మనిషేమో నల్లగొండల, మిర్యాలగూడల, లేకుంటే పాలమూరుల. ఇసొంటి కొలువుల కొత్తగ చేరేటోళ్లు ముందు నెట్ గురించే అడుగుతరు. దాని సంగతి రెండు ముక్కలల్ల అయిపోతది. అసలు పని ఆగేది ఓటీపీ కాడ, డిజిటల్ సంతకం కాడ, సరిగ్గ కనపడని బిల్లు కాడ.

ముందు నెట్. టాలీ అంటే లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్. ఆఫీసుల ఉన్న దాని డేటా ఫోల్డర్‌ను వీపీఎన్ మీద, అంటే దూరం నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే లైన్ మీద, మన కంప్యూటర్ల తెరిచి వోచర్లు (లెక్కల ఎంట్రీలు) కొట్టొద్దు. సేవ్ అయ్యేటప్పుడు లైన్ తెగిందంటే ఫైల్ సగం రాసి ఆగిపోయి డేటా పాడయితది. అప్పుడు ముందు బ్యాకప్ తీసుకొని, తర్వాతనే రిపేర్ పెట్టాలె. రిమోట్ డెస్క్‌టాప్‌ల అయితే టాలీ ఆఫీసు కంప్యూటర్‌లనే నడుస్తది, మనకు తెర మాత్రమే వస్తది. లైన్ పోయినా మళ్ల కలిస్తే ఎక్కడున్నదో అక్కడనే ఉంటది. కరెంటు పోతే ల్యాప్‌టాప్ నడుస్తది గని రూటర్ ఆరిపోతది. దానికో మినీ యూపీఎస్ పెట్టుకోండి. కొనేముందు రూటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు రాసి ఉన్నదో చూడండి, చానా వాటికి 12 వోల్టులే ఉంటది.

ఇగ డిజిటల్ సంతకం. కంపెనీలు, ఎల్ఎల్‌పీలు (ఒక తీరు భాగస్వామ్య సంస్థలు) జీఎస్టీ రిటర్నుకు డీఎస్‌సీతోనే, అంటే యూఎస్‌బీ టోకెన్‌ల ఉండే డిజిటల్ సంతకంతోనే, సంతకం పెట్టాలె. ఆ టోకెన్ ఆఫీసు కంప్యూటర్‌కు పెట్టే ఉంటది, కానీ విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌ల చూస్తే కనపడదు. టోకెన్ చెడిపోయిందని కంగారు పడొద్దు. రిమోట్ డెస్క్‌టాప్ మన దగ్గరి కంప్యూటర్‌కు పెట్టిన టోకెన్ల కోసమే వెతుకుతది, అవతలి దాన్ని పట్టించుకోదు. సంతకం వరకు ఎనీడెస్క్‌తోని ఆ కంప్యూటర్ తెరనే తెరిస్తే కనపడ్తది. ఆ సంతకాన్ని జీఎస్టీ పోర్టల్‌కు అందించే ఎమ్‌సైనర్ కూడ టోకెన్ ఉన్న కంప్యూటర్‌లనే నడుస్తుండాలె.

సొంత వ్యాపారమయితే డీఎస్‌సీ బదులు ఓటీపీ సరిపోతది, కానీ అది సేటు ఫోన్‌కు పోతది. మిర్యాలగూడ రైస్ మిల్లుల కాడ వడ్ల సీజన్ల లారీలు లైను కట్టినప్పుడు ఆయన ఫోన్ ఎత్తుతడనుకోవద్దు. ఓటీపీ కొన్ని నిమిషాలే పనిచేస్తది. అందుకే ముందురోజే "రేపు 7 గంటలకు ఓటీపీ వస్తది సేటు, ఫోన్ దగ్గర పెట్టుకోండ్రి" అని చెప్పి, ఆ టైముకు లైన్ల ఉన్నంకనే పంపు బటన్ నొక్కాలె. ఓటీపీని గ్రూపుల పెట్టమనుడు మాత్రం అస్సలు వద్దు.

అన్నిటికన్న ఎక్కువ బాధ పెట్టేది బిల్లు. వాట్సాప్‌ల ఫొటోగ పంపితే అది కుదించుకుపోయి 3 ఏదో 8 ఏదో తెల్వదు. డాక్యుమెంట్‌గ పంపమని క్లయింట్‌కు మొదటిరోజే నేర్పాలె. జీఎస్టీ నంబరుల 15 అక్షరాలుంటయి, మొదటి రెండు రాష్ట్రానివి: తెలంగాణ 36, ఆంధ్ర 37. వాడపల్లి కాడ కృష్ణ దాటితే పల్నాడు, అక్కడి సరుకు మనకు రోజూ వచ్చేదే. 37తోని మొదలయిన నంబరున్న బిల్లును అలవాటుల సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ కింద కొడితే 14న వచ్చే 2బీతోని, అంటే అమ్మినోళ్లు చూపిన బిల్లులతోని పోర్టల్ తయారుచేసే మన క్రెడిట్ పట్టీతోని, కలవదు. అది వేరే రాష్ట్రం సరుకు, ఐజీఎస్టీ కింద కొట్టాలె. పత్తి జిన్నింగ్ మిల్లయితే రైతు దగ్గర కొన్న పత్తికి రివర్స్ చార్జ్ కింద పన్ను మిల్లోళ్లే కట్టాలె, అది క్రెడిట్‌ల నుంచి కాదు, క్యాష్ లెడ్జర్ నుంచే, అంటే పోర్టల్‌ల జమ చేసిన పైసల నుంచే. పత్తి తూకం, ధర రాసిచ్చే తక్‌పట్టీల కార్బన్ కాపీ ఫొటోల ఆనదు, అసలు దాన్నే స్కాన్ చేయించండి.

అమ్మకాల్ల తప్పు ఇంక బరువయితది. 2025 జులై నెల రిటర్ను నుంచి 3బీల వచ్చే అమ్మకాల పన్ను అంకెలను మనం మార్చలేం. 11లోపు వేసిన జీఎస్టీఆర్-1ల (అమ్మకాల బిల్లుల రిటర్నుల) తప్పు దొరికితే, 3బీ వేయకముందే దాన్ని సవరించే 1ఏ ఫారంల సరిచేయాలె. కొనేటోళ్ల జీఎస్టీ నంబరే తప్పయితే 1ఏల కూడ కుదరదు, తర్వాతి జీఎస్టీఆర్-1 దాక ఆగాల్సిందే.

ఆఫీసు వాళ్లకు కూడ ఒక మాట. టాలీల అందరికి ఒక్కటే యూజర్ ఐడీ ఇయ్యకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల లెక్కలకు ఎడిట్ లాగ్, అంటే ఏ ఎంట్రీ ఎప్పుడు ఏ ఐడీతోని మారిందో రాసిపెట్టే చిట్టా, తప్పనిసరి. ఒకే ఐడీ ఉంటే ఎవరు మార్చిండ్రో లాగ్ చెప్పదు, దూరం నుంచి పనిచేసే పిల్లల మీదికే మాట వస్తది. ఇది అన్యాయం.

పనిచేసేటోళ్లు కూడ బిల్లుల కోసం ఫోన్ మాటతోని ఊకోవద్దు. 5న ఒకసారి, 9న ఒకసారి, 2బీ చూసినంక 15న ఒకసారి, ఏ బిల్లు రాలేదో నంబరుతో సహా రాసి పంపి, ఆఫీసులో సీనియర్‌ను కూడ అందుల కలపాలె. నెలనెలా 3బీ వేసేటోళ్లకు 20 దాటితే ఆలస్య రుసుము రోజుకు 50 రూపాయలు, నిల్ అయితే 20, పన్ను బాకీ ఉంటే ఏడాదికి 18 శాతం వడ్డీ. ఆ పైసలెవరు కట్టాలనే లొల్లి వచ్చిన్నాడు, మీరు పంపిన ఆ మూడు మెసేజ్‌లు తారీఖులతోని సహా చూపెట్టొచ్చు.