ఇసుకదిబ్బ ముందు ఆగిన హోటల్

శ్రోతలకు నమస్కారం.

హవాయి దీవులకు విహారానికి వెళ్లివచ్చిన వారి ఛాయాచిత్రాలలో ఒకటి తప్పనిసరిగా ఉంటుంది. మెడలో పూలదండ, వెనుక సముద్రం. ఆ దండను అక్కడి భాషలో ‘లేయి’ అంటారు. ఇటీవల మా బంధువుల అమ్మాయి అటువంటి చిత్రమే చూపిస్తూ, "హోటల్లో అడుగుపెట్టగానే దండ వేశారు బాబాయిగారూ, అచ్చం మన ఎదురుకోలు సన్నాహంలాగే ఉంది" అన్నది. నాకూ ముచ్చటగానే అనిపించింది. కాని, ఆ హోటల్ నిలిచిన నేల పూర్వం ఎవరిది, అక్కడ కట్టేముందు వారిని ఎవరైనా అడిగారా అన్న సందేహం నన్ను పట్టుకున్నది.

చరిత్ర పెద్దది, మనకున్న సమయం చిన్నది. 1893లో రాణి లిలియుఓకలానిని గద్దె దింపారు, అడగలేదు. 1896లో బడులలో ఆంగ్లాన్నే బోధనభాష చేశారు; అడగలేదు. 1898లో అమెరికా ఆ దీవులను తనలో కలుపుకొన్నది, అప్పుడూ అడగలేదు. 1959లో హవాయి రాష్ట్రమైంది, ఆ వెనుకనే జెట్ విమానాలు యాత్రికులను తేవడం మొదలుపెట్టాయి. పద్నాలుగు లక్షల జనాభా ఉన్న ఆ రాష్ట్రానికి 2019లో కోటిమందికి పైగా వచ్చారు. వారిని అలరించడానికి హోటళ్లకు హులా నృత్యం కావలసి వచ్చింది, పూలదండ కావలసి వచ్చింది, ‘అలోహా’ అన్న పలకరింపు కావలసి వచ్చింది. ఆ నృత్యమూ ఆ పలకరింపూ ఎవరివో వారి మాటకు మాత్రం చాలాకాలం చోటు దొరకలేదు.

ఆ చోటు ఒకచోట ఎలా దొరికిందో చెబుతాను. మౌయి ద్వీపపు వాయవ్య తీరంలో పూర్వం పియిలాని అనే ప్రభువు పేరిట ప్రసిద్ధికెక్కిన అఖాతాలున్నాయి. వాటిలో ఒకటి హోనోకహువా. 1980ల చివర, ఆ ఒడ్డున ఉన్న ఇసుకదిబ్బ మీద ఒక పెద్ద హోటల్ కట్టడానికి సన్నాహాలు జరిగాయి. అనుమతులన్నీ ఉన్నాయి, నాటి చట్టం అడ్డు చెప్పలేదు. పునాదులకు ముందు తవ్వకాలు జరిపితే ఆ దిబ్బ ఒక శ్మశానమని తేలింది. తవ్వేకొద్దీ అస్థికలు బయటపడ్డాయి. పదులు వందలయ్యాయి, చివరికి తొమ్మిది వందల మందికి పైగా పూర్వికుల అవశేషాలను ఇసుకలోనుంచి పైకి తీశారు.

ఇక్కడ ఒక్క మాట. ఎముకను హవాయి భాషలో ‘ఇవి’ అంటారు. మన చెవికి అది వేరే మాట. వారికి మాత్రం అందులో ఎంతో ఉన్నది. ఆ నేల బిడ్డను ‘ఓయివి’ అంటారు, స్వస్థలాన్ని ‘కులాయివి’ అంటారు. రెంటిలోనూ ఎముక అన్న మాటే దాగి ఉన్నది. మనం మన పెద్దల అస్థికలను గోదావరిలోనో కృష్ణలోనో కలిపి తృప్తి పడతాము. వారి నమ్మకం ప్రకారం మనిషి మహిమ ఎముకలలోనే నిలిచి ఉంటుంది, కాబట్టి అవి నేలలోనే, కదలకుండా ఉండాలి. ఇప్పుడు ఆ ఇసుకదిబ్బను ఊహించుకోండి. ఒక్కొక్క పూర్వికుణ్ణి బయటకు తీసి, సంఖ్య వేసి, పెట్టెలో పెడుతున్నారు.

హవాయి ప్రజలు ఊరుకోలేదు. 1988 చివరలో హోనోలులులోని రాష్ట్ర శాసనసభా భవనం వద్ద జాగరణ చేశారు. అప్పటి గవర్నర్ జాన్ వైహే స్వయంగా హవాయి మూలవాసి. ఆ వంశం నుంచి ఎన్నికైన మొదటి గవర్నర్. తవ్వకం ఆగింది. భూమి యజమానులు హోటలును ఒడ్డునుంచి వెనక్కి, ఎత్తుమీదికి జరపడానికి ఒప్పుకొన్నారు. రాష్ట్రప్రభుత్వం అరవై లక్షల డాలర్లు వెచ్చించి, ఆ సుమారు 14 ఎకరాలలో ఇక ఎన్నటికీ కట్టడం రాకుండా హక్కు సంపాదించింది. 1990లో పూర్వికులందరినీ తిరిగి అదే దిబ్బలో పడుకోబెట్టారు. ఆ ఏడాదే, పాత సమాధుల విషయంలో మూలవాసుల మాట వినడానికి దీవులలో మండళ్లను ఏర్పరుస్తూ చట్టం వచ్చింది. అడగడం అన్నది అప్పుడు చట్టమైంది.

హోటల్ 1992లో తెరిచారు. రిట్జ్ కార్ల్‌టన్ కపాలువా అని దాని పేరు. హోటలుకూ సముద్రానికీ నడుమ నేటికీ పచ్చిక కప్పుకొని ఆ దిబ్బ ఉన్నది. దాని మీద అడుగు పెట్టరాదు. క్లిఫర్డ్ నయెఓలే అనే హవాయి మూలవాసి అక్కడ సాంస్కృతిక సలహాదారుగా ఏళ్ల తరబడి పనిచేస్తూ, అతిథులను ఆ దిబ్బ అంచువరకు తీసుకువెళ్లి, హోటల్ వెనక్కి జరిగిన కథ ఏమీ దాచకుండా చెప్పేవారు. తన తప్పును తానే అతిథికి చెప్పుకొనే హోటళ్లు ఎన్ని ఉంటాయి? నాకు ఆ ఆవరణలో జరిగే ఏ నృత్యప్రదర్శన కంటెను ఆ నడకే పెద్ద సంస్కృతిగా తోస్తుంది.

ఆ ద్వీపంలోనే కానాపలి బీచ్ హోటల్ 1980లలోనే మరొక దారి పట్టింది. చరిత్రకారుడు జార్జ్ కానహెలె తోడ్పాటుతో తన ఉద్యోగులకే హవాయి చరిత్రనూ విలువలనూ నేర్పించడం మొదలుపెట్టింది. పక్కలు సర్దేవారికీ తోటమాలికీ కూడా ఆ పాఠాలున్నాయి. స్వాగతం చెప్పే మనిషికి ఆ స్వాగతం అర్థం తెలిసి ఉండాలన్నది కానహెలె పట్టుదల. 1997లో ఆయన ఈ పనికోసమే మూలవాసుల ఆతిథ్య సంఘం స్థాపనకు పూనుకొన్నారు.

మన తెలుగువారి పిల్లలు అమెరికాలో ఎందరో ఉన్నారు, సెలవులకు ఆ దీవులకు వెళ్తూనే ఉంటారు. వారికి ఒక్క పని చెప్పదలచుకున్నాను. గదిలో దిగిన రోజున హోటలువారిని ఒక్క ప్రశ్న అడగండి: ఈ చోటుకు పాత పేరేమిటి, ఆ పేరుకు అర్థమేమిటి? జవాబు చెప్పగల మనిషి ఆ హోటల్లో ఉంటే ఆయన చెప్పే మిగతా మాటలు కూడా కూర్చుని వినండి. లేకపోతే, ఇటువంటి వారిని నియమించండి అని వెళ్లేటప్పుడు వ్రాసి రండి. అతిథి అడిగినది హోటల్ సమకూరుస్తుంది. ఆ వ్యాపారం తీరే అది.

మా బంధువుల అమ్మాయిని కూడా ఇదే అడిగాను. "నీవు దిగిన చోటు పేరేమిటమ్మా?" అంటే హోటల్ పేరు చెప్పింది. "అది కాదు, నేల పేరు" అన్నాను. "వైకీకీ" అన్నది, అర్థం తెలియదన్నది. రెండు రోజుల తరువాత తానే ఫోను చేసింది. వైకీకీ అంటే చిమ్మే మంచినీరట, ఆ హోటళ్లున్న చోటంతా ఒకప్పుడు చేమ మడులూ చేపల చెరువులూనట, ఆ నీటిని మళ్లించడానికి 1920లలో ఒక కాలువ తవ్వారట. "నా గది కిటికీలోంచి రోజూ కనిపించిన కాలువ అదే బాబాయిగారూ, ఫోటో కూడా తీశాను, పంపిస్తున్నాను" అన్నది.