దిక్కు మారని దీపం: అడ్మిరల్ నఖిమోవ్ ఎందుకు మునిగింది?

శ్రోతలకు నమస్కారం.

అడ్మిరల్ నఖిమోవ్ అనగానే నౌకల సంగతి తెలిసినవాళ్లకు ముందు యుద్ధనౌకే గుర్తొస్తుంది. 1853లో సినోప్ యుద్ధం గెలిచిన రష్యా నౌకాసేనాని పేరది. 1905లో జపాన్‌తో యుద్ధంలో సుషిమా దగ్గర మునిగిన క్రూజర్ అనే రకం యుద్ధనౌకకూ, ఇప్పటి రష్యా అణు క్రూజర్‌కూ ఆ పేరే. ఈ పూట చెప్పుకునేది మాత్రం అదే పేరున్న ప్రయాణికుల ఓడ గురించి.

1925లో జర్మనీలో ‘బెర్లిన్’ పేరుతో దాన్ని కట్టారు. పొడవు 174 మీటర్లు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆసుపత్రి ఓడగా ఉంటూ 1945లో మందుపాతర తగిలి లోతు తక్కువ నీటిలో కూలబడింది. సోవియట్లు పైకి తీసి, ఏళ్ల తరబడి బాగుచేసి, 1957లో నల్ల సముద్రంలో తిప్పడం మొదలుపెట్టారు. ఒడెస్సా నుంచి బటూమీ దాకా రేవు రేవుకూ ఆగుతూ వెళ్లే విహారయాత్ర ఓడ అది.

1986 ఆగస్టు 31 రాత్రి 10 గంటలకు నొవొరొసీస్క్ రేవు నుంచి సోచీకి బయలుదేరింది. ఓడలో 1,234 మంది ఉన్నారు. ఎదురుగా కెనడా ధాన్యం 28 వేల టన్నులకు పైగా నింపుకుని ‘ప్యోతర్ వాసేవ్’ అనే సరుకు ఓడ రేవుకు వస్తోంది. గాలివాన లేదు, పొగమంచు లేదు.

సముద్రంలో రెండు ఓడల దారులు అడ్డంగా కలిసేటప్పుడు, ఎదుటి ఓడ ఎవరి కుడి పక్కన కనబడుతుందో వారే తప్పుకోవాలి. 1972 అంతర్జాతీయ నియమావళి చెప్పేది ఇదే. ఆ లెక్కన నఖిమోవ్‌కు వాసేవ్ కుడి పక్కన ఉంది కాబట్టి దారి ఇవ్వాల్సింది నఖిమోవే. కానీ రేవులో రాకపోకలు చూసే కేంద్రం ప్రయాణికుల ఓడను ముందు పోనివ్వమని వాసేవ్‌కు చెప్పింది. వాసేవ్ కెప్టెన్ త్కచెంకో రేడియోలో సరేనన్నాడు. అసలు చిక్కు ఇక్కడే మొదలైంది. రాతలో ఉన్న నియమం ఒక ఓడను తప్పుకోమంటోంది, నోటిమాట ఇంకో ఓడను తప్పుకోమంటోంది. ఇలాంటప్పుడు ఇద్దరూ అవతలివాడే తిరుగుతాడని కూర్చునే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

ఢీకొంటామో లేదో తేల్చుకోవడానికి నావికులు పాతకాలం నుంచి చేసే పని ఒకటుంది. ఎదుటి ఓడ దీపం దిక్సూచిలో ఎన్ని డిగ్రీల దగ్గర కనబడుతోందో కొన్ని నిమిషాలకోసారి చూస్తారు. ఆ అంకె మారుతుంటే పర్వాలేదు. అంకె అలాగే ఉండి దూరం మాత్రం తగ్గిపోతుంటే ఢీకొనడం ఖాయం.

త్కచెంకో దీనికి బదులు రాడార్ తెరమీద లెక్కను నమ్ముకున్నాడు. ఆ యంత్రం రెండు ఓడలూ ఇదే వేగంతో, ఇదే దారిలో పోతాయని అనుకుని, ఎంత దూరంలో దాటుకుంటాయో చూపిస్తుంది. ఎవరైనా కొద్దిగా తిరిగితే కొత్త లెక్క కుదురుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. నఖిమోవ్ బ్రిడ్జిలో, అంటే ఓడను నడిపే గదిలో, దాని కెప్టెన్ మార్కోవ్ లేడు. బాధ్యత రెండో అధికారికి అప్పగించి కిందికి వెళ్లాడు. ఆ అధికారి ఐదేసి, పదేసి డిగ్రీలు ఎడమకు తిప్పుతూ వచ్చాడు. తిప్పితే ఒకేసారి, ఎదుటివాడి కంటికి ఆనేంత తిప్పాలి. చిన్న చిన్న తిప్పులు రాత్రివేళ ఎవరికీ కనబడవు, రాడార్ లెక్కనూ చెడగొడతాయి. గంటకు 12 నాటికల్ మైళ్ల వేగమంటే నిమిషానికి 370 మీటర్లు. నిండు సరుకుతో ఉన్న ఓడకు చివరి నిమిషంలో ఇంజన్లు వెనక్కి తిప్పినా ఆగడం సాధ్యం కాదు.

11 గంటల 12 నిమిషాలకు వాసేవ్ ముక్కు నఖిమోవ్ కుడి పక్కన, బాయిలర్ గదికీ ఇంజన్ గదికీ నడుమ ఉన్న గోడ దగ్గర దిగబడింది. అంతకన్నా చెడ్డ చోటు ఓడలో లేదు. లోపలి రెండు పెద్ద గదుల్లోకీ ఒకేసారి నీళ్లు వచ్చాయి. పడిన రంధ్రం దాదాపు 80 చదరపు మీటర్లు. వేసవి ఉక్కకు కేబిన్ల కిటికీలు తెరిచే ఉండటంతో, ఓడ ఒరిగేసరికి వాటిలోంచీ నీళ్లు లోపలికి పోశాయి. దీపాలు ఆరిపోయాయి. అత్యవసర జనరేటర్ కాసేపు వెలిగించి తానూ ఆగిపోయింది. అంతగా ఒరిగిన ఓడ నుంచి లైఫ్‌బోట్లు దించడం వీలుకాదు, అంత వ్యవధీ లేదు. ఎనిమిది నిమిషాల్లో ఓడ 47 మీటర్ల లోతుకు చేరింది.

నీళ్లలో పడ్డవాళ్లు గాలితెప్పలు, చెక్కలు పట్టుకుని తేలారు. ముందుగా చేరుకున్న, రేవులో ఓడలకు దారిచూపే చిన్న పైలట్ బోటు ఒక్కటే నూరుమందికి పైగా ఎక్కించుకుంది. 811 మంది బతికారు, 423 మంది పోయారు.

1987లో ఒడెస్సాలో కోర్టు ఇద్దరు కెప్టెన్లకూ 15 ఏళ్ల చొప్పున జైలు వేసింది. 1992లో విడుదలయ్యారు. తప్పు వాళ్లదే, సందేహం లేదు. అయితే పక్కన ఒక్క దెబ్బకు ఎనిమిది నిమిషాలకు మించి నిలవని 61 ఏళ్ల ఓడలో అన్ని వందల మందిని ఎక్కించిన నిర్ణయం ఆ ఇద్దరిదీ కాదు.