అస్సాం ‘ఆహు’ వరికి ఆ పేరు ఎలా వచ్చింది?

(తెరపై: బ్రహ్మపుత్ర లోయలో పొడి దుక్కి, విత్తనాలు వెదజల్లుతున్న రైతు)

అస్సాంలో వరిని పండే కాలాన్ని బట్టి, పెరిగే నేలను బట్టి వేరుచేస్తారు. వానాకాలంలో నాటి చలికాలంలో కోసేది ‘శాలి’, లోతు నీటిలో పెరిగేది ‘బావో’, వేసవికి ముందు విత్తి జూన్, జులై నెలల్లో కోసేది ‘ఆహు’. శాలి ధాన్యమన్న మాట తెలుగువారికి కొత్త కాదు. ఆహు మాత్రం మూలం పోల్చుకోలేనంతగా మారిపోయింది.

(తెరపై: ఆశు → ఆహు)

ఆ మూలం సంస్కృత ‘ఆశు’. త్వరగా అని దాని అర్థం. మన ఆశుకవిత్వంలో ఉన్నదీ అదే. ‘ఆశుర్వ్రీహిః పాటలః స్యాత్’ అంటూ అమరకోశం దీన్ని వరి పేరుగానే చెప్పింది. అంతకు చాలా ముందే, రాజసూయ యాగంలో సమర్పించే హవిస్సులను వివరించిన వైదిక గ్రంథాల్లో ఆశువ్రీహి కనిపిస్తుంది.

మరి శకారం ఏమైంది? అస్సామీయ తద్భవ పదాల్లో మొదటి అక్షరంగా ఉన్న శ, ష, స లు ఖకారానికీ హకారానికీ నడుమ గొంతులో ఒరుసుకుంటూ పలికే ధ్వనిగా మారితే, పదం లోపల ఉన్నవి సాధారణంగా హకారమయ్యాయి. మానుష ‘మానుహ్’ అయింది, మాస ‘మాహ్’ అయింది, వెదురును చెప్పే వంశ ‘బాఁహ్’ అయింది. ఆశు ‘ఆహు’ కావడం ఆ వరుసలోదే. పొరుగున బెంగాలీలో శకారం నిలిచి, ఉకారం దాని ముందుకు జరగడంతో అదే మాట ‘ఆవుష్’ అయింది. వరి జన్యుశాస్త్రంలో ‘ఆస్’ అనే ప్రత్యేక వర్గానికి పేరు ఈ బెంగాలీ రూపం నుంచే వచ్చింది.

(తెరపై: పొలంలోకి ఎక్కుతున్న వరద నీరు)

అయితే ఈ త్వర ఎంత? అరవై రాత్రుల్లో పండేదాన్ని షష్టికమంటారని పాణిని సూత్రం చెబుతుంది. ఆహుకు మూడు నెలల పైమాటే. శాలితో పోల్చినప్పుడే ఇది త్వరగా పండే పంట. సంప్రదాయ శాలి రకాలు పగటి పొద్దు తగ్గేదాకా పూత పట్టవు, ఆహు రకాలకు ఆ ఎదురుచూపు లేదు. అందుకే పల్లపు నేలల్లో ఆహు, బావో విత్తనాలను కలిపి చల్లి, నీరు లోతెక్కేలోగా ఆహు వెన్నులను కోసుకుంటారు. బావో వరదతో పాటు ఎదిగి డిసెంబరు ప్రాంతంలో కోతకు వస్తుంది.