కరోనా మన జనాభాను తగ్గించిందా? 1918తో పోల్చి లెక్క చూద్దాం

[తెర మీద: వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి గేటు. దాని మీద రెండు అంకెలు: 1918, 2021]

మహమ్మారి వస్తే జనాభా తగ్గుతుందా? వందేళ్ల కింద తగ్గింది. కరోనాకు తగ్గలేదు. రోగం ఎంత ప్రమాదకరమైనదో చూస్తే సరిపోదు. అది వచ్చేనాటికి పుట్టుకలకూ చావులకూ మధ్య ఎంత ఎడం ఉందో చూడాలి.

[తెర మీద: పై గీత జననాలు, కింది గీత మరణాలు. రెండూ దాదాపు ఆనుకుని ఉన్నాయి]

1901–11 మధ్య ఏడాదికి ప్రతి వెయ్యి మందికి జననాలు 49.2, మరణాలు 42.6. మిగిలేది 6.6. అవిభక్త భారతంలో 30 కోట్ల జనం అనుకుంటే, ఏడాదికి పెరిగేది 20 లక్షలు. 1918 ఫ్లూ, తక్కువ అంచనా వేసుకున్నా, కోటీ 20 లక్షల మందిని తీసుకుపోయింది. అంటే ఆరేళ్ల పెరుగుదల కొన్ని నెలల్లో పోయింది. వరంగల్ అప్పుడు నిజాం రాజ్యంలో ఉంది. ఆ రాజ్య జనాభా 1911లో కోటీ 33 లక్షలు, 1921లో కోటీ 24 లక్షలు. ఫ్లూ ఒక్కటే కాదు, ఆ పదేళ్లలో కరువూ ప్లేగూ కూడా ఉన్నాయి. ఆ తర్వాత జనాభా మళ్లీ తగ్గలేదు కాబట్టి, గ్రూప్స్‌కు చదివేవాళ్లు ‘మహా విభాజక సంవత్సరం’ అని బట్టీ పట్టే 1921 వెనక ఉన్న లెక్క ఇదే.

[తెర మీద: కింది గీత జారుతుంది. పై గీత చాలాకాలం కదలదు]

ఆ తర్వాత ముందు తగ్గింది చావులు. టీకాలు, మలేరియా నియంత్రణ, కరువులో తిండి గింజలు అందడం ఇందుకు కారణాలు. జననాలు మాత్రం వెంటనే తగ్గలేదు. 1951 నాటికి జననాలు 40, మరణాలు 27. ఈ ఎడం పెరిగి, మళ్లీ తగ్గడాన్నే జనాభా పరిణామం అంటారు. మన దిక్కు పై గీతను కిందికి లాగింది ఎక్కువగా ఆపరేషనే: తెలంగాణలో 15–49 ఏళ్ల వయసున్న పెళ్లయిన ఆడవాళ్లలో పదిమందికి ఆరుగురు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు. మగవాళ్ల వాటా ఎంత తక్కువో వేరే చెప్పాలా!

ఇక 2020. వెయ్యికి జననాలు 19.5, మరణాలు 6. మిగులు 13.5. దీన్ని 138 కోట్లతో గుణిస్తే ఏడాదికి దాదాపు కోటీ 86 లక్షలు. 2020, 2021 రెండేళ్లకు కలిపి అదనపు మరణాలు, అంటే మామూలుగా జరిగేవాటికి మించినవి, 47 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కేంద్రం దీన్ని ఒప్పుకోలేదు. ఒప్పుకున్నా అది మూడు నెలల పెరుగుదలకు సమానం. అందుకే జనాభా గీత కిందికి వంగలేదు. నష్టం చిన్నదని దీనర్థం కాదు: దేశంలో నమోదైన మరణాలు 2020లో 81 లక్షలుంటే 2021లో కోటి దాటాయి.

చనిపోయిన వయసు కూడా లెక్కలోకి వస్తుంది. 1918 ఫ్లూ 20–40 ఏళ్లవాళ్లను ఎక్కువగా కొట్టింది. వాళ్లతో పాటు పుట్టాల్సిన పిల్లలూ లేకుండా పోయారు. కరోనాకు ఎక్కువగా పోయింది పెద్దవయసువాళ్లు. జననాల మీద దాని దెబ్బ తక్కువ.

[తెర మీద: జనన మరణ రిజిస్టర్]

వరంగల్ లెక్క తీసేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. చావు జరిగిన చోటే నమోదు చేయాలి, 21 రోజుల్లోపు. ములుగు నుంచో భూపాలపల్లి నుంచో వచ్చి ఎంజీఎంలో చనిపోయినవాళ్లు వరంగల్ నగరం ఖాతాలో పడతారు. ఆ సంఖ్యను నగర జనాభాతో భాగిస్తే మరణాల రేటు లేనంత పెద్దగా కనిపిస్తుంది, ములుగుది ఉన్నదానికన్నా తక్కువగా. సొంతూరు చిరునామాతో విడదీశాకే భాగించాలి. ఇంకో తప్పు, అదనపు మరణాలు తీయడానికి కరోనాకు ముందు ఒక్క 2019ని ఆధారంగా పెట్టుకోవడం. అంతకుముందు నమోదు ఏటేటా మెరుగవుతూ వచ్చింది, కాబట్టి కనీసం ఐదేళ్ల ధోరణి తీసుకుని దాన్ని ముందుకు పొడిగించాలి.

తెలంగాణ టీఎఫ్‌ఆర్, అంటే ఒక మహిళకు సగటున పుట్టే పిల్లలు, 2019–21 సర్వేలో 1.8. తరానికి తరం సరిపోవాలంటే 2.1 కావాలి. అయినా జనాభా వెంటనే తగ్గదు, పిల్లల్ని కనే వయసులో ఇంకా చాలామంది ఉన్నారు. వృద్ధులు పెరిగేకొద్దీ, వైద్యం ఎంత బాగున్నా, వెయ్యికి మరణాల రేటు పైకే పోతుంది. కేరళలో అది దేశ సగటు కన్నా ఎక్కువ ఉండటానికి కారణం ఇదే.

[తెర మీద: 2027 మార్చి 1]

వచ్చే జనగణనకు లెక్క తేదీ ఇది. రెండో వేవ్‌లో పడిన గర్భాల పిల్లలు అప్పటికి ఎక్కువగా వయసుల పట్టికలో ఐదేళ్ల గడిలో ఉంటారు. ఆ ఒక్క గడినే చూస్తే మోసపోతాం. మనవాళ్లు వయసును ఐదుకీ పదికీ సర్ది చెబుతారు, అందుకని ఐదేళ్ల గడి ఉబ్బి ఉండొచ్చు. 2011 జనగణన పట్టికలో ఐదేళ్ల గడి, దాని పక్కనున్న నాలుగు, ఆరేళ్ల గడుల కన్నా ఉబ్బి ఉందా, ఉంటే ఎంతో కొలిచి, ఆ నిష్పత్తితో 2027 ఐదేళ్ల సంఖ్యను దించాలి. ఆ తర్వాతే పక్క గడులతో పోల్చాలి.