లావా లేదని ఏడ్వకున్రి, కట్ట మీద సిమెంటు ఆపున్రి!

నమస్తే అన్నలు, అక్కలు, తమ్ముళ్లు. ఈ వారం ఎవ్వరి ఫోన్ చూసినా అదే రీల్. న్యూజిలాండ్ల జాబ్ చేసే మన పాలమూరు పిలగాడు, రోటోరువా అనే ఊర్ల చెరువు ఒడ్డు పొంట ఉరుకుతుంటడు, పక్కన భూమిలకెల్లి పొగలు లేస్తుంటయి, లాస్టుకు కెమెరా దిక్కు చూసి "మన దగ్గర ఉరకనీకి ఏముంది బ్రో, రాళ్లు తప్ప" అంటడు. కింద కామెంట్లల్ల మనోళ్లే, నిజమే బ్రో, నిజమే బ్రో అని. నాకు మండింది.

నేను ఒక్కటే మాట చెప్తా, వీడియో అయిపోయేదాక అదే చెప్తా, యాష్టకొస్తే స్కిప్ కొట్టున్రి. ఉరకనీకి పాలమూరు, నల్లగొండ చెరువు కట్టలను మించిన తొవ్వ లేదు. ఆ తొవ్వను మినీ ట్యాంక్‌బండ్ అని పేరు పెట్టి, టైల్స్ వేసి, స్టీల్ రెయిలింగ్ పెట్టి, ఐ లవ్ మా ఊరు అని లైట్ల బోర్డు నిలబెట్టి, మన చేతులతోటే ఖరాబ్ చేసుకుంటున్నం.

రోటోరువా బాగలేదని నేను అంటలే తమ్మీ, మస్తుంటది. అది మామూలు చెరువు గాదు, సుమారు 2 లక్షల 40 వేల ఏండ్ల కింద అగ్నిపర్వతం పేలి భూమి కిందికి కుంగితే ఆ గుంతల నిండిన నీళ్లు. ఆ చెరువు చుట్టు తిరిగొస్తే సరిగ్గ మారథాన్ దూరం, 42 కిలోమీటర్లు, 1960ల నుంచి పోటీ పెడుతుండ్రు. పక్కనే టరవేరా అని గుట్ట, 1886 జూన్ 10 నాడు పేలి ఊర్లకు ఊర్లు బూడిద కింద పడ్డయి, ఇప్పుడు దాని పేరు మీదనే వంద కిలోమీటర్ల రేసు పెట్టి ప్రపంచం మొత్తాన్ని పిలుస్తరు. ఇంకోటి, ఊరంత గంధకం వాసన, కుళ్లిన కోడిగుడ్డు వాసన. రీల్ల వాసన రాదు గద, అందుకే మీరు లైక్ కొట్టిన్రు.

ఇగ అసలు పాయింటుకు వద్దాం. అక్కడ ఉరికేటోళ్లు ఎందుకు పడి చస్తరు? లావా కోసమా? గాదు. 1901ల నాటిన రెడ్‌వుడ్ చెట్ల అడివి ఉన్నది, ఆ అడివి తొవ్వలు బూడిద మట్టి, వాన పడ్డా నీళ్లు నిలవయి, ఇంకిపోతయి, మీద ఎండుటాకు పరుచుకుని కాలు పెడితే మెత్తగ ఉంటది. వాళ్లు చేసిన గొప్ప పని ఏందంటే ఏం చెయ్యకపోవుడు. మట్టిని మట్టిలెక్కనే ఇడిసిపెట్టిన్రు. కెన్యాల ఈటెన్ అనే ఊరు చూడున్రి, రిఫ్ట్ వ్యాలీ అని భూమి చీలిన పెద్ద లోయ అంచు మీద, 2400 మీటర్ల ఎత్తు, ప్రపంచ చాంపియన్లు అక్కడ ఎర్రమట్టి రోడ్ల మీదనే ఉరుకుతరు. మనకు ఆ ఎత్తు లేదు, ఒప్పుకుంటా. ఆ మట్టి లేదంటే మాత్రం ఒప్పుకోను.

మన రాయి సంగతి తెలుసా మీకు? రాళ్లు తప్ప ఏముంది అన్నడు గద, ఆ రాళ్లు 250 కోట్ల ఏండ్ల నాటి గ్రానైట్, రోటోరువా దాని ముందట నిన్న పుట్టిన పిల్లగాడు. ఆ గ్రానైట్ ఎండకు వానకు పగిలి పగిలి పొడై మొరం అయితది, ఆ మొరమే మన పెద్దమనుషులు కట్టల మీద పోసి తొక్కిచ్చిన్రు. వాన కొడితే నీళ్లు కిందికి దిగుతయి, పొద్దుగాల్లకు కాలు జారదు, బురద అంటుకోదు. అదే కింద నల్లరేగడి చేన్ల పొంట ఉరికి చూడున్రి, బూటుకు కిలో మట్టి పట్టుకుంటది. లేదు నాకు లావానే గావాలె అంటవా, అంత దూరం ఫ్లైట్ ఎందుకు, వికారాబాద్ అనంతగిరి గుట్టలకు పో, 6 కోట్ల 60 లక్షల ఏండ్ల నాటి దక్కన్ లావా నీ కాళ్ల కిందనే ఉంటది, మీద ఎర్రమట్టి.

వనపర్తి దిక్కు శ్రీరంగాపూర్ పోయిన్రా ఎప్పుడన్నా? రంగనాయకస్వామి గుడి, దాన్ని ఆనుకుని రంగసముద్రం, పొద్దుగాల గోపురం నీళ్లల్ల కనపడుతుంటే ఉరుకుడు మర్చిపోయి నిలబడతవు. నల్లగొండ పక్కన పానగల్లు ఉదయసముద్రం, కందూరు చోళుల కాలం చెరువు, ఇప్పుడు ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు కాలువల సాగర్ నీళ్లొచ్చి నిండుగ ఉంటది. కట్ట మీద ఉరికి దిగి ఛాయా సోమేశ్వరం గుడికి పో, లింగం మీద పొద్దంత నీడ పడుతనే ఉంటది, ఏ స్తంభం నీడనో చూసి చెప్పు. ఇది ఉన్నదా రోటోరువాల?

ఇగ సిమెంటు. నేను ఒక ఊరికి పోయిన, పేరు చెప్ప, చెప్తే లొల్లి. కొత్త టైల్స్ కట్ట. నాలుగడుగులు వేసిన్నో లేదో కింద డొల్ల, టకటక చప్పుడు, కట్ట మట్టి దిగింది టైల్ దిగలే, మధ్యల గాలి. ఒక మూల లేచి ఉంది, చీకట్ల బూటు ముక్కు దానికే తగులుతది. వాన పడ్డ చోట పాకురు. కట్టమైసమ్మ గుడి కాడ బజ్జీల బండి, నూనె మరక టైల్ మీద మెరుస్తుంది. నా థియరీ ఏందంటే, సిమెంటు వచ్చినంక సెల్ఫీ వస్తది, సెల్ఫీ ఎనక బజ్జీ బండి వస్తది, బజ్జీ బండి వచ్చినంక ఉరికేటోడు రోడ్డెక్కుతడు. మోకాళ్లు గూడ పోతయి అని నేనంట, డాక్టర్లు కొందరు నాతోటి కొట్లాడతరు, సైన్సుల ఆ పంచాయితీ ఇంకా తెగలే, నా మోకాలుకు మాత్రం తెగింది.

రోడ్డెక్కేది ఎవరు? మారథాన్ బ్యాచ్ గాదు. మన ఊర్లల్ల ఉరికేది కానిస్టేబుల్‌కు, ఆర్మీకి ప్రిపేర్ అయ్యే పోరలు. 2022 నోటిఫికేషన్ కానిస్టేబుల్ ఈవెంట్స్‌ల మగపిల్లలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లల్ల, ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లల్ల. ఒక్క సెకను ఎక్కువైనా ఇంటికే. తెల్లారకముందు జడ్చర్ల నుంచి రాయచూర్ పోయే 167 హైవే మీద చూడున్రి, సెల్‌ఫోన్ లైట్ పట్టుకుని తెల్లగీత పొంట ఉరుకుతుంటరు, పక్కకెల్లి లారీ గాలి కొట్టుకుంట పోతది. వీళ్లకు కిలోమీటరు మట్టి కట్ట చాలు, లారీ రాదు, హారన్ లేదు.

ఇప్పుడు కామెంట్ల ఒకాయన వస్తడు, కట్ట రిపేర్ వద్దంటవా అని. అన్నా, వద్దనలే. 2019 డిసెంబర్ 31 నాడు సరళాసాగర్ కట్ట తెగుడు మనం చూసినం, చెరువంత ఖాళీ అయింది. కట్ట గట్టిగ ఉండాలె. 2015ల మిషన్ కాకతీయ మొదలైనప్పుడు పూడిక తీసి కట్టకు మట్టి పోసిన్రు, అది పని. లైట్లు పెట్టున్రి, దండం పెడ్త, లైట్ లేకుంటే ఆడపిల్లలు చీకట్ల యాడ ఉరుకుతరు? సర్కారు తుమ్మ కొట్టున్రి, దాని ముల్లు బూటు అట్టల దిగి అరికాలు దాక వస్తది, పిన్నీసు తోటి తీస్తే సగం లోపలనే విరుగుతది. కుక్కల సంగతి చూడున్రి. పైసలు ఇంకా మిగిలితే నాలుగు ట్రాక్టర్ల మొరం పోసి రోలర్ తిప్పున్రి. టైల్ ఎందుకు? మొరంల కమీషన్ తక్కువ, ఇది నా అనుమానం, కేసు పెట్టకున్రి.

రీల్ పెట్టిన తమ్మీ, దసరాకు వస్తవు గద, రా, శ్రీరంగాపూర్ పోదాం, పెట్రోల్ నాది. మిగిలినోళ్లు మీ ఊరి కట్ట మీద ఇంకా మొరమే ఉంటే వీడియో తీసి పంపున్రి, నేను పెడ్త. లొకేషన్ మాత్రం పెట్టకున్రి, కాంట్రాక్టర్లు గూడ మన ఛానల్ చూస్తరు.