చిన్న కారు తరఫున నాలుగు మాటలు

అందరికీ నమస్కారం. ఒంగోలులో కార్ల మాటెత్తితే ముందు వినపడే పేర్లు ఫార్చ్యూనర్, స్కార్పియో, థార్. ఈ సాయంత్రం నేను చిన్న కారు తరఫున మాట్లాడతాను. మన సందులకి, మన జేబులకి, అన్నిటికీ మించి బండి నడపడమంటే ఇష్టమున్నవాళ్లకి తేలికైన చిన్న కారే సరైనదని నేను గట్టిగా నమ్ముతాను.

పెద్ద బండి మీద మోజు ఎక్కడ పుడుతుందో మీకు తెలియంది కాదు. ఎన్నికలప్పుడు ఊళ్లోకి వరసగా తెల్ల బండ్లు వస్తాయి. పెళ్లిలో పెళ్లికొడుకు దిగే కారు చుట్టూ పిల్లలు మూగుతారు. చూసిన ప్రతి కుర్రాడికీ ఎప్పటికైనా అలాంటిది కొనాలనిపిస్తుంది. దాన్ని నేను తప్పు పట్టను. చీమకుర్తి క్వారీలకో, చెరువు గట్ల మీదికో రోజూ వెళ్లేవాళ్లకి ఎత్తైన బండి అవసరం కూడా. నా బాధ వేరే. ఇంట్లో నలుగురే ఉంటారు, తిరిగేది ఇంటి నుంచి ఆఫీసుకి, నెలకోసారి నెల్లూరుకి. అలాంటివాళ్లు కూడా ఏడేళ్ల లోను పెట్టుకుని దాదాపు 4.8 మీటర్ల పొడవున్న బండి తెచ్చుకుంటున్నారు. తర్వాత ట్రంకు రోడ్డులో అది పెట్టడానికి చోటు దొరక్క, ఊళ్లో తిరగడానికి మళ్లీ స్కూటరే తీస్తున్నారు. కారు షెడ్డులో ఉంటుంది, ఈఎంఐ మాత్రం ప్రతి నెలా వస్తుంది.

ఈ దేశంలో మామూలు ఉద్యోగికి కారు అందించింది చిన్న కారే. అప్పటిదాకా అంబాసిడర్, ఫియట్ తప్ప వేరే దారి పెద్దగా లేదు, వాటికీ ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. 1983 డిసెంబర్ 14న మారుతి 800 రోడ్డెక్కింది. ధర దాదాపు 47,500 రూపాయలు, మూడు సిలిండర్లు, 796 సీసీ. దాని మూలం జపాన్ చిన్న కార్లలో ఉంది. అక్కడ ఈ తరగతి కార్లకి చట్టమే గీత గీసింది: ఇప్పుడున్న లెక్క ప్రకారం పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.48 మీటర్లు, ఇంజిన్ 660 సీసీ దాటకూడదు. అంత సంపన్న దేశంలో, అంత మంచి రోడ్లున్న చోట, జనం ఇప్పటికీ వాటిని ఇష్టంగా కొంటారు. ఆ కార్లోంచి దిగినవాణ్ణి ఎవరూ తక్కువగా చూడరు. మన దగ్గర రావాల్సిన మార్పు అదేనని నాకనిపిస్తుంది.

ఇక నడపడం సంగతి. దీని గురించి ఎంత మాట్లాడినా నాకు తనివి తీరదు. గిద్దలూరు దాటి నంద్యాల వైపు వెళ్తుంటే దిగువమెట్ట దగ్గర నల్లమల మొదలవుతుంది, రోడ్డు వంపులు తిరుగుతుంది. పవర్ స్టీరింగ్ లేని పాత 800లో అక్కడికి వెళ్లి చూడండి. వంపు తిరుగుతుంటే ముందు టైర్ల పట్టు అరచేతులకి తెలుస్తుంది. చక్రం కంకర మీదికెక్కితే స్టీరింగ్ సన్నగా వణుకుతుంది. పట్టు జారబోయే ముందు అదే స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోతుంది, కాలు తీయమని చెప్పినట్టే. ఎత్తు ఎక్కేటప్పుడు మూడో గేరులో ఇంజిన్ గొంతు బరువెక్కుతుంది. అది ఆయాసపడక ముందే రెండో గేరులోకి దించాలి, వంపు చివర కనిపించగానే యాక్సిలరేటర్ నిండా తొక్కాలి. అంతా చేసి స్పీడోమీటర్ చూస్తే నలభై. ఆ నలభైలోనే చేతులకీ కాళ్లకీ చెవులకీ నిండా పని ఉంటుంది. రెండు టన్నుల దరిదాపు బరువున్న బండిలో అదే వంపు అదే వేగంతో తిరిగితే ఏమీ తెలియదు. ఏమైనా తెలియాలంటే వేగం పెంచాలి. ఘాట్ రోడ్డులో ఆ పని చేయకూడదు. ఇంకో మాట, 800 వెడల్పు 1.44 మీటర్లు, ఫార్చ్యూనర్ వెడల్పు 1.85 మీటర్లకు పైనే. ఎదురుగా గ్రానైట్ లారీ వచ్చినప్పుడు ఆ నలభై సెంటీమీటర్ల తేడా విలువ తెలుస్తుంది.

చిన్న కారు అనగానే "రేకు డబ్బా, గుద్దితే మిగలదు" అంటారు. ఈ మాటని తేలిగ్గా తీసుకోకూడదు. 2014లో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ వాళ్లు అప్పట్లో మన దేశంలో అమ్ముడవుతున్న ఐదు చిన్న కార్లను గుద్దించి చూశారు. ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో. ఎయిర్‌బ్యాగులు లేని ఆ ఐదింటికీ పెద్దవాళ్ల రక్షణలో ఐదు స్టార్లకి వచ్చింది సున్నా. అదే పోలోకి రెండు ఎయిర్‌బ్యాగులు పెట్టి మళ్లీ గుద్దిస్తే నాలుగు స్టార్లు వచ్చాయి. పొడవు అంతే, బాడీ అదే. ప్రాణం తీసేది కారు చిన్నదవడం ఒక్కటే కాదు, ధర తగ్గించడానికి భద్రతను కోసేయడం కూడా. 2024లో కొత్త డిజైర్ నాలుగు మీటర్ల లోపే ఉండి ఐదు స్టార్లు తెచ్చుకుంది. రోజూ హైవే మీద తిరిగేవాళ్లు ఎయిర్‌బ్యాగులు లేని పాత కారుని ఎంచుకోకండి, నాకెంత ఇష్టమైన 800 అయినా సరే. వెనక సీట్లో అమ్మానాన్నలు కూర్చున్నా బెల్టు పెట్టించండి.

నాలుగు మీటర్లు అన్నాను కదా, ఆ గీత ఎక్కడిదో కూడా చెప్పాలి. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోల్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ లోపు ఉన్న కార్లకి పన్ను తగ్గించారు. దాంతో కంపెనీలు డిక్కీలు కత్తిరించాయి. 2008లో ఇండిగో సీఎస్, 2012లో డిజైర్ అలా వచ్చినవే. ఆ 2012 డిజైర్ వెనక భాగం చూస్తే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ముందు నుంచి అంత చక్కగా గీసిన కారుని వెనక గొడ్డలితో నరికినట్టుంటుంది. తర్వాత ఎకోస్పోర్ట్, బ్రెజా లాంటివి అదే పొడవులో ఎత్తు పెరిగి వచ్చాయి. పొడవు తగ్గింది గానీ బరువు తగ్గలేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 18 శాతమే, పెద్దవాటిపై 40 శాతం. పొడవుతో పాటు బరువుకి కూడా గీత గీసి ఉంటే ఇంకా మంచి కార్లు వచ్చేవి.

చివరగా, ఇక్కడి కుర్రాళ్లు చాలామంది మొదటి కారు సెకండ్‌హ్యాండ్‌లోనే కొంటారు. పెయింటు మెరుపు చూసి బేరం ఆడకండి. మనది సముద్రం గాలి. కొత్తపట్నం వైపో, మైపాడు వైపో తిరిగిన బండికి తుప్పు కింద నుంచి వస్తుంది. మ్యాట్లు ఎత్తి ఫ్లోరు చూడండి. డిక్కీలో స్టెప్నీ బయటకు తీసి ఆ గుంటలో వేలితో గట్టిగా నొక్కండి. తలుపుల అడుగు అంచుని గోటితో గీకండి, పెయింటు బుడగలుగా లేస్తే లోపల రేకు తినేసినట్టే. టైరు పక్కన డాట్ (DOT) అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 3219 అని ఉంటే 2019లో 32వ వారం తయారైందని అర్థం. టైరు మీద గాట్లు బాగానే ఉన్నా ఆరేడేళ్లు దాటిన టైరుని నమ్మకండి, మన ఎండకి రబ్బరు గట్టిపడిపోతుంది. ఆ టైర్ల ఖర్చు బేరంలో తగ్గించి అడగండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి, మీరు వెళ్లేసరికి వేడి చేసి ఉంచితే ఇంకో రోజు వస్తానని చెప్పండి. నెల్లూరు ఏపీ 26, ప్రకాశం ఏపీ 27 నంబరు ప్లేటుతో మంచి చిన్న కారు దొరికితే వదలకండి. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చాక మన జిల్లాల నంబర్లు కొత్త బండ్ల మీద కనపడటం లేదు.

ఇక మీరు అడగండి.