అప్పిచ్చినవాడే జడ్జి: కూపర్స్‌టౌన్ స్థాపకుడు విలియం కూపర్‌పై చర్చ

సమన్వయకర్త: నమస్కారం. బండిచక్రాలు చేసిన చేతులతోనే న్యూయార్క్ రాష్ట్రంలో ఒక పట్టణాన్ని నిలబెట్టి, అమెరికా కాంగ్రెస్‌కు రెండుసార్లు వెళ్లిన విలియం కూపర్ గురించి మాట్లాడుకుందాం. మేడమ్, ముందు మీరు చెప్పండి.

చరిత్ర అధ్యాపకురాలు: 1786 మే నెలలో ఆట్సీగో సరస్సు దగ్గర 40,000 ఎకరాలు అమ్మకానికి పెడితే 16 రోజుల్లో అయిపోయాయని, కొన్నవారు నిరుపేదలని ఆయనే రాసుకున్నారు. హడ్సన్ లోయలో పెద్ద భూస్వాములు భూమిని కౌలుకు ఇచ్చేవారు. కూపర్ అరువు మీద, పూర్తి హక్కుతో అమ్మారు. పేదవాడికి అది ఎంత పెద్ద మాటో ఆలోచించండి!

న్యాయవాది: ఒక్క నిమిషం. అది అంతకుముందు అమెరికా మూలవాసులైన ఇరోక్వాయ్ ప్రజల నేల. దాన్ని కూపర్ వేలంలో దక్కించుకున్న తీరు మీద పాత హక్కుదారు జార్జ్ క్రోగన్ వారసులు కూడా పోరాడారు.

అధ్యాపకురాలు: కాదనను. కానీ 1789 కరువులో ఆయన శాసనసభను అడిగి 1,700 బుషెళ్ల (ధాన్యం కొలత) మొక్కజొన్న తెప్పించారు. అంతలో సస్క్వెహానా నదిలోకి చేపలు గుంపులుగా ఎదురెక్కి వస్తే, జనం పట్టుకుని ఉప్పు వేసి దాచుకున్నారు. ఊరు బతికింది.

న్యాయవాది: ఆ కృతజ్ఞతే తర్వాత పగ్గమైంది. 1791లో ఆయన ఆట్సీగో కౌంటీకి (మన జిల్లా లాంటిది) జడ్జి అయ్యారు. అప్పిచ్చినవాడు, తీర్పు చెప్పేవాడు, పార్టీ పెద్ద ముగ్గురూ ఒక్కరే అయితే బాకీదారు ఎవరికి ఓటేస్తాడండీ?

సమన్వయకర్త: 1792 గవర్నర్ ఎన్నికను గుర్తుచేస్తున్నారా?

న్యాయవాది: అదే. గవర్నర్ అభ్యర్థి జాన్ జే కోసం కూపర్ ఓటర్లను బెదిరించారన్న ఆరోపణలు వచ్చాయి. శాసనసభ విచారించి కొట్టివేసింది. ఆట్సీగో ఓట్లను మాత్రం, వాటిని పంపిన కౌంటీ అధికారి, అంటే షెరీఫ్, పదవీకాలం తీరిపోయిందని లెక్కించలేదు. జే 108 ఓట్ల తేడాతో జార్జ్ క్లింటన్ చేతిలో ఓడిపోయారు.

అధ్యాపకురాలు: నన్ను ఎక్కువ బాధపెట్టేది మేపుల్ చక్కెర సంగతి. కరీబియన్ దీవుల్లో బానిసలు పండించే చెరకు చక్కెరకు దీటుగా అడవి చెట్ల రసంతో చక్కెర చేయిస్తానన్నారు. ఆ పథకం నిలవలేదు. మరోపక్క ఆయన ఇంట్లోనే బానిసలు పనిచేశారు. దీన్ని నేను సమర్థించలేను.

సమన్వయకర్త: పట్టు ఎప్పుడు సడలింది?

న్యాయవాది: స్థానిక నాయకుడు జెడిడియా పెక్‌తో. ఒకప్పుడు కూపర్ మనిషే. ప్రభుత్వాన్ని దుయ్యబట్టే రాతలను శిక్షించే రాజద్రోహ చట్టానికి వ్యతిరేకంగా సంతకాలు సేకరించినందుకు 1799లో పెక్‌ను అరెస్టు చేసి న్యూయార్క్ నగరానికి తరలించారు. దారి పొడవునా జనం పెక్ వైపు నిలిచారు. కేసు విచారణకే రాలేదు. ఆ పెక్ తర్వాత ప్రభుత్వ పాఠశాలల కోసం పట్టుబట్టారు. 1812లో రాష్ట్రం ఆ చట్టం చేసింది.